‘కావచ్చు’ తీసేసిన పుస్తకాలు

నేను డీటీపీ చేస్తాను. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సు మేడ మీద పదకొండేళ్లు, ఆ తర్వాత సింగ్ నగర్‌లో మా ఇంట్లోనే ఇంకో పదకొండేళ్లు. రచయితలు చేత్తో రాసిచ్చిన కాయితాలు పక్కన పెట్టుకుని అను ఫాంట్లలో కొట్టడం, పేజ్‌మేకర్‌లో పేజీలు కట్టడం, ప్రూఫులు దిద్దడం. ఏం కొడుతున్నామో బుర్రకెక్కించుకోకుండా కొట్టడం ఈ పనిలో ముందుగా అబ్బే విద్య. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటాయి, మనసు వంటింట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుంటుంది. ప్రూఫు దిద్దేటప్పుడు మాత్రం చదవక తప్పదు. అలా చదవాల్సొచ్చిన వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వంద దాటి ఉంటాయి. అందులో డిప్రెషన్ మీదే రాసినవి తొమ్మిది. తొమ్మిదింటిలోనూ ‘కారణాలు’ అనే అధ్యాయం ఉంది. ఆ అధ్యాయం ఎలా తయారవుతుందో నాకు కొంచెం తెలుసు.

2011లో ఒక పుస్తకం కొట్టాను. కారణాల అధ్యాయం పద్నాలుగు పేజీలు. అందులో ‘నిస్పృహ’ అనే మాటని ఒకచోట ‘నిసృహ’ అని కొట్టాను. నేను చూసుకోలేదు, రచయితా చూడలేదు, అలాగే అచ్చయిపోయింది. 2016లో వేరే రచయిత, వేరే పబ్లిషరు. చేతిరాత ముత్యాల్లా ఉంది. కొట్టుకుంటూ పోతుంటే మూడో పేజీలో, ఆ ముత్యాల మధ్య, ‘నిసృహ’ కనిపించింది. నా తప్పు ఐదేళ్లు ఊరంతా తిరిగి ఇంటికొచ్చింది. పాత ఫైలు తెరిచి పక్కన పెట్టి చూశాను. పద్నాలుగు పేజీల్లో పదకొండు అవే. ఏడు కారణాలు తొమ్మిదయ్యాయి, అంతే. కొత్తవాటిలో ఒకటి సెల్‌ఫోను, ఇంకోటి ఫేస్‌బుక్కు. మళ్లీ కొట్టడం దేనికని పాత ఫైల్లోంచి కాపీ చేసుకుని, ‘నిస్పృహ’ సరిచేసి, పేజీల డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాను. కాబట్టి ఒకరిని అనే హక్కు నాకు పెద్దగా లేదు. గురివింద గింజ సామెత నాకూ తెలుసు.

ఆ రెండో పుస్తకం పబ్లిషరు గారు ఫస్ట్ ప్రూఫు చూసి ఫోన్ చేశారు. “అమ్మా, ఈ కావచ్చులు, ఉండొచ్చులు తీసెయ్యండి. డబ్బులు పెట్టి కొనుక్కున్నవాడికి ‘కావచ్చు’ అని చెప్తే వాడేం చేసుకుంటాడు?” నిజమే అనిపించింది. ‘ఎక్కువకాలం ఒత్తిడిలో ఉన్నవారిలో కొందరికి డిప్రెషన్ రావచ్చు’ అన్నచోట ‘వస్తుంది’ అని పెట్టాను. ‘చిన్ననాటి చేదు అనుభవాలు ఒక కారణం కావచ్చు’ అన్నది ‘ప్రధాన కారణం’ అయింది. ‘కొందరికి’ అన్నమాట ఎక్కడున్నా ఎగిరిపోయింది. అంతా కలిపి ఒక పూట పని. ఆ పూటలో పుస్తకానికి ఎక్కడలేని ధైర్యం వచ్చేసింది.

రెండేళ్ల తర్వాత, 2018 శ్రావణంలో, ఆ పుస్తకంలో ఉన్నది నాకు వచ్చింది.

ఎలా ఉండేదో ఎక్కువ రాయను, ఒక్కటి చెప్తాను. ఇడ్లీకి పప్పు గ్రైండర్లో వేసి ఎదురుగా పీట మీద కూర్చున్నాను. పప్పు నలిగింది, మెత్తబడింది, నురగొచ్చింది. ఇంక కాసిని నీళ్లు చల్లి తీసెయ్యాలి. ఆ సంగతి తెలుసు. నీళ్ల గ్లాసు చేతిలోనే ఉంది. మోటారు వేడెక్కి రబ్బరు కాలిన వాసన వస్తున్నా ఆ గ్లాసు ఎత్తలేకపోయాను. బరువుగా ఉందా అంటే కాదు. ఏడుపు వస్తోందా అంటే అదీ కాదు. ఎత్తడం అనే పని నాది కానట్టు, ఎవరో వచ్చి ఎత్తాలన్నట్టు చూస్తూ ఉండిపోయాను. అత్తయ్యగారు వచ్చి స్విచ్ ఆపి, “ఏమ్మాయ్, నిద్రపోతున్నావా?” అన్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి.

మా కృష్ణా జిల్లాలో డిప్రెషన్ అంటే ముందు వాన సంగతే. బంగాళాఖాతంలో డిప్రెషన్ పట్టిందంటే కోసిన చేను ఎలాగోలా కుప్ప వేసుకోవాలి, మూడు రోజులు బట్టలారవు. డాక్టరు దగ్గర్నుంచి రాగానే మావారు “డిప్రెషనంటమ్మా” అంటే అత్తయ్యగారు కిటికీలోంచి ఆకాశం చూశారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. తర్వాత మాత్రం ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నామో.

ఇక కారణాలు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. అత్తయ్యగారి లెక్కలో దిష్టి. మావారి లెక్కలో కంప్యూటరు ముందు పదేసి గంటలు కూర్చోవడం. ఆయన ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో లెక్కలు రాస్తారు, ఆయనా పదేసి గంటలు కూర్చునే ఉంటారు, అది వేరే సంగతి. మా ఆడపడుచు, “వాళ్ల నాన్న పోయినప్పుడు సరిగ్గా ఏడవలేదు, ఆ దుఃఖం లోపలే ఉండిపోయింది” అంది. నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. రెండో కాన్పు తర్వాత పథ్యం సరిగా చెయ్యలేదని మా అమ్మ. ఆ రెండో కాన్పువాడు అప్పటికి ఎనిమిదో క్లాసు. ఎదురింటావిడ మా గేటు ముందు నిలబడి తేల్చేసింది, ఈశాన్యంలో మెట్లున్నాయని.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మెట్లు ఈశాన్యంలోనే ఉన్నాయి. నాన్న పోయినప్పుడు నిజంగానే నేను పెద్దగా ఏడవలేదు, వంటలు చూడాల్సొచ్చింది. నేను కొట్టిన పుస్తకాలు తిరగేస్తే అక్కడా ఇదే వరస. పనికి గుర్తింపు లేకపోవడమా? ఇన్ని పుస్తకాల్లో ఒక్కదాని మీదా నా పేరు వెయ్యలేదు. చిన్ననాటి చేదు జ్ఞాపకాలా? ఉన్నాయి. ప్రకృతికి దూరం కావడమా? సింగ్ నగర్‌లో ప్రకృతి అంటే బుడమేరు వాగు, దాని దోమలు. తొమ్మిదికి తొమ్మిదీ నాకు అతికినట్టు సరిపోయాయి. ఎవరికి తొడిగినా పట్టే జాకెట్టుని ఏ దర్జీ ఎవరి కొలతలు తీసి కుట్టినట్టు? పైగా ఇవన్నీ 2017లోనూ ఉన్నాయి. 2017లోనూ మెట్లు అక్కడే ఉన్నాయి. ఆ ఏడాది నేను కార్తీకమాసంలో నలుగుర్ని పోగేసి వనభోజనాలకి తీసుకెళ్లాను.

సూర్యారావుపేటలో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన ముందు రక్తపరీక్షలు రాశారు: హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12. థైరాయిడ్ సరిగా పనిచెయ్యకపోయినా, బి12 తక్కువైనా ఇలాగే ఉండొచ్చట, అవి తేల్చుకోవాలట. ఆ రెండూ బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.2. ఇంట్లో పండగలా అయింది. కారణం దొరికింది! రక్తం తక్కువ! డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు కొన్నారు, రెండో మాత్ర మాత్రం కొనలేదు. రక్తం పడితే అదే తగ్గుతుంది, మెదడు మాత్రలెందుకని. దానిమ్మకాయలు, ఖర్జూరాలు, బీట్‌రూట్ రసం. మూడు నెలలకి 12 దాటింది. నేను మాత్రం ఆ గ్లాసు దగ్గరే ఉన్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడే ఆ డాక్టరు గారిని అడిగాను, “ఇది నాకెందుకొచ్చిందండీ?” అని. “మీ ఒక్కరికి ఇదే కారణం అని చెప్పడం నావల్ల కాదమ్మా. తగ్గించడానికి ఏం చెయ్యాలో చాలావరకు తెలుసు” అన్నారు. బయటికొచ్చాక మావారు స్కూటరు తీస్తూ, “ఐదొందలు తీసుకుని తెలీదంటాడేంటి” అని గొణిగారు. ఆ ఐదొందలకి డాక్టరు గారు నాకొక ‘కావచ్చు’ ఇచ్చారని అర్థం కావడానికి నాకే ఏడాది పైన పట్టింది.

ఈలోగా దసరాకి గాలి మార్పని నన్ను పుట్టింటికి పంపారు. ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. అన్నయ్యకి ఆరు గేదెలు. పొద్దున్నే అమ్మ నన్ను లేపి పాక దగ్గర కూర్చోబెట్టేది, తను పాలు తీస్తూ. తెల్లారగట్ల చెరుకు తోటల మీదుగా చల్లగాలి, కుడితి వాసన, తపేలాలో పాలధార చప్పుడు. ఇవన్నీ నాకిష్టమని నాకు గుర్తుంది. ఇష్టం మాత్రం లేదు. ఒక పడ్డ మెడ చాచి నా చెయ్యి నాకింది. గరుకు నాలుక, వేడి ఊపిరి. అది నాకుతున్నది నా చేతినే అని తెలుస్తోంది, అంతవరకే. అమ్మ చూసి, “పాడి ఉన్న ఇంట్లో దిగులేమిటే” అంది. ఈ పడ్డ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

దీపావళి అయ్యాక ఆ రెండో మాత్ర మొదలుపెట్టాను. డిప్రెషన్‌కి ఇచ్చే ఎసిటలోప్రామ్, 10 మిల్లీగ్రాములు. మొదటి పది రోజులు కడుపులో తిప్పడం తప్ప ఏమీ లేదు. ఐదో వారంలో ఒకరోజు పక్కింట్లో ఆవకాయ తాలింపు వాసనకి ఆకలేసింది. అంత మామూలుగా.

సంక్రాంతికి మా మరిది హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఏటా జనవరిలో బెజవాడ పుస్తకాల పండగకి వెళ్లకుండా ఉండడు. ఇంగ్లిష్ పుస్తకం ఒకటి తెచ్చి, “వదినా, ఇది చదువు, కళ్లు తెరుచుకుంటాయి” అని చేతిలో పెట్టాడు. జొహాన్ హరి అనే బ్రిటిష్ జర్నలిస్టు 2018లో రాసిన ‘లాస్ట్ కనెక్షన్స్’. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు వారాల్లో చదివాను. చదివించే పుస్తకం, అందులో అనుమానం లేదు. పద్దెనిమిదేళ్లప్పుడు మాత్రలు మొదలుపెట్టి పదమూడేళ్లు వాడి, ఇది రసాయనాల లోటు కాదు, మనిషికి తెగిపోయిన బంధాల లోటు అని తేల్చుకున్నవాడి కథ. అర్థవంతమైన పనితో, తోటి మనుషులతో, విలువలతో, గౌరవంతో, ప్రకృతితో, రేపటి మీద ఆశతో బంధం తెగిపోవడం, చిన్ననాటి గాయాలు. ఇవి ఏడు. చివర్న జన్యువులు, మెదడులో మార్పులు. మొత్తం తొమ్మిది. తొమ్మిది అనగానే నాకు మా 2016 పుస్తకం గుర్తొచ్చింది.

అందులో కంబోడియా రైతు కథ ఒకటుంది. చదివినవాళ్లెవరైనా ముందు అదే చెప్తారు. మందుపాతర పేలి కాలు పోయింది, కృత్రిమ కాలు పెట్టారు, మళ్లీ వరి పొలంలో దిగితే నీళ్లలో ఆ కాలుతో భరించలేని బాధ, రోజంతా ఏడుపు. ఊళ్లోవాళ్లు, డాక్టర్లు అతని పక్కన కూర్చుని విని, ఒక ఆవుని కొనిచ్చారు. పొలం మాని పాల వ్యాపారం పెట్టుకున్నాడు, ఏడుపు పోయింది. చక్కటి కథ. ఆ మనిషికి ఆవే సరైన మందు, కాదనను. నీళ్లలో దిగడమే అతని బాధ, ఆవు అతన్ని ఒడ్డుకు చేర్చింది. కానీ పుస్తకంలో ఈ కథ అతని దగ్గర ఆగదు, మనందరికీ ఆవు దొరికితే చాలన్నట్టుగా ఊరు దాటి వెళ్తుంది. చదువుతుంటే నా చెయ్యి నాకిన పడ్డే కళ్లముందు కదిలింది. మా అన్నయ్యకి ఆరున్నాయి. ఆరింటి మధ్యా కూర్చున్నాను కదా.

ఒంటరితనం అధ్యాయం దగ్గర ఇంకా నవ్వొచ్చింది. మా ఇంట్లో కింద రెండు గదులు, మీద రెండు. మేం నలుగురం, అత్తయ్యగారు, వారానికి నాలుగు రోజులుండే ఆడపడుచు, ఆమె పిల్లలు. ఒంటరిగా ఉండాలంటే బాత్రూమే, అక్కడా తలుపు కొట్టి “అయ్యిందా?” అంటారు. జబ్బు వచ్చాకే నేను మనుషుల్ని తప్పించుకున్నాను, ఫోన్లు ఎత్తడం మానేశాను. ఆ నెలల్లో ఎవరైనా సర్వే కాయితం పట్టుకుని వచ్చి ఉంటే ‘ఒంటరితనం ఉంది, డిప్రెషన్ ఉంది’ అని రెండు గళ్లలో టిక్కు పెట్టుకుని వెళ్లేవారు. ఏది ముందొచ్చిందో ఆ టిక్కుల్లో ఉండదు.

ఇదే హరి 2011లో, వేరేచోట అచ్చయిన మాటల్ని తన ఇంటర్వ్యూల్లో కలిపేసుకున్న గొడవలో క్షమాపణ చెప్పి, తనకొచ్చిన ఆర్వెల్ ప్రైజు వెనక్కిచ్చేశాడు. ఈ పుస్తకానికి మాత్రం ఇంటర్వ్యూల ఆడియోలు వెబ్‌సైటులో పెట్టాడు. అది మెచ్చుకోవాల్సిందే. నేను పద్నాలుగింట పదకొండు పేజీలు కాపీ కొట్టి డబ్బు తీసుకున్నదాన్ని, ఇంతకంటే ఏమీ అనను.

అసలు గొడవ ఆ తర్వాతది. మా మరిది, “సెరటోనిన్ సిద్ధాంతమే తప్పంట వదినా, ఆ మాత్రలు ఉత్త మోసం” అన్నాడు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనేదే ఆ సిద్ధాంతం. ఉన్నపళంగా మానెయ్యమని ఆ పుస్తకం చెప్పిందని నేననను, అతని బుర్రలో అలా దిగింది. నా బుర్రలోనూ. ఆకలేస్తోంది కదా, ఇంకెందుకని ఫిబ్రవరిలో మాత్ర మానేశాను. మూడో రోజు నుంచి తల పక్కకి తిప్పినప్పుడల్లా లోపల చిన్న కరెంటు షాకు కొట్టినట్టు. వాంతులు. పాల ప్యాకెట్టు చిరిగిందని అరగంట ఏడిచాను. మూడు వారాలకి మళ్లీ గ్రైండర్ ముందున్నాను. డాక్టరు గారు తిట్టలేదు. “మళ్లీ మొదలుపెడదాం. ఆపాలనుకున్నప్పుడు నాతో చెప్పండి, నెమ్మదిగా తగ్గించుకుంటూ వద్దాం” అన్నారు. అలాగే 2020 మొదట్లో ఆపాం, నాలుగు నెలలు తగ్గించుకుంటూ. మరిది మీద కోపం లేదు. పాపం, ప్రేమకొద్దీ తెచ్చిన పుస్తకమే.

కానీ పంతం పట్టుకుంది. సెరటోనిన్ సంగతేంటో చూద్దామని రాత్రుళ్లు నెట్‌లో చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఆ సిద్ధాంతానికి మన సర్పగంధ మొక్కకి కూడా చుట్టరికం ఉందని. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్, సర్పగంధ బీపీని తగ్గిస్తుందని ఇంగ్లండు పత్రికలో రాశాక ప్రపంచమంతా దాని వైపు చూసింది. దాన్నుంచి తీసిన రిసర్పిన్ అనే మందు వాడినవాళ్లలో కొందరు దిగులుగా అయిపోయారని డాక్టర్లు రాశారు. ఆ మందు మెదడులో సెరటోనిన్ లాంటివాటిని ఖాళీ చేస్తుందని తేలింది. మరోపక్క 1950ల మొదట్లో అమెరికాలో క్షయరోగులకిచ్చిన ఇప్రోనియాజిడ్‌తో మంచం పట్టినవాళ్లు హుషారుగా లేచి తిరిగారు. అది ఆ రసాయనాలు విరిగిపోకుండా ఆపుతుంది. ఇంకేం, రెండూ కలిపి ముడేశారు. తగ్గితే దిగులు, పెరిగితే హుషారు, కాబట్టి దిగులంటే రసాయనం తగ్గడమే. ఆముదం తాగితే విరేచనమైంది కాబట్టి ఒంట్లో ఆముదం తగ్గి మలబద్ధకం వచ్చిందన్నట్టు. రిసర్పిన్ నిజంగా డిప్రెషన్ తెస్తుందా అన్నది కూడా తర్వాత అనుమానంలో పడింది. శాస్త్రవేత్తలు దాన్ని ఊహగానే రాశారు. మందుల ప్రకటనల్లోకి, పుస్తకాల్లోకి వచ్చేసరికి అందులోని కావచ్చులన్నీ రాలిపోయాయి. ఎవరో నాలాంటివాళ్లే ఒక పూట కూర్చుని తీసేసి ఉంటారు.

2022 జులైలో లండన్ సైకియాట్రిస్టు జొయానా మాంక్రీఫ్ బృందం పాత పరిశోధనలన్నీ కలిపి చూసి, సెరటోనిన్ తక్కువవడం వల్ల డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని రాసింది. మరిది ఆ లింకు పంపి ‘చూశావా’ అన్నాడు. చూశాను. నేను 2018 ఫిబ్రవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చినదాని లింకు పంపాను. ఆక్స్‌ఫర్డ్‌లో ఆండ్రియా చిప్రియాని బృందం 522 ట్రయల్స్, 1,16,477 మంది, 21 మందులు కలిపి లెక్కేసింది. అన్నీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి, చాలావాటి తేడా గొప్పగా ఏమీ లేదు, ఓ మోస్తరు. ఇవి రెండూ ఒకదానికొకటి ఎదురని అతను, కాదని నేను. సూక్ష్మజీవులున్నాయని తెలీనప్పుడు కూడా మా అమ్మమ్మ పిండి పులిసింది. ఆవిడ చెప్పిన కారణం వేరు, పులియడం వేరు.

జన్యువుల కథా అంతే, రెండు ముక్కల్లో చెప్తాను. 2003లో ఒక పెద్ద పత్రికలో, సెరటోనిన్‌కి సంబంధించిన ఒక జన్యువు పొట్టి రకం ఉన్నవాళ్లకి కష్టాలొస్తే డిప్రెషన్ ఎక్కువని వచ్చింది. ‘డిప్రెషన్ జన్యువు’ పేరుతో నేనే ఒక అధ్యాయం కొట్టాను. 2019లో లక్షలమంది సమాచారంతో అలాంటి పేరున్న 18 జన్యువుల్ని పరీక్షిస్తే, దారిన పోయే ఏ జన్యువుకైనా ఉన్నంత సంబంధమే వాటికీ ఉందని తేలింది. వంశపారంపర్యం అసలు లేదని కాదు. ఆ ఒక్క జన్యువు కథే నిలవలేదు. మా అధ్యాయం ఇంకా ఏలూరు రోడ్డు పుస్తకాల కొట్లలో అమ్ముడవుతోంది.

కష్టాలకి, ఈ జబ్బుకి సంబంధం లేదని కూడా నేననను. 1978లో జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అని ఇద్దరు, దక్షిణ లండన్‌లో కాంబర్‌వెల్ అనే పేటలో ఆడవాళ్లని కూర్చోబెట్టి గంటలకొద్దీ మాట్లాడి ఒక పుస్తకం వేశారు. పెద్ద కష్టం వచ్చినవాళ్లలో డిప్రెషన్ ఎక్కువ కనిపించింది. మనసు విప్పి చెప్పుకునే మనిషి లేనివాళ్లలో, చిన్నపిల్లలు ముగ్గురూ అంతకంటే ఎక్కువమందీ ఇంట్లో ఉన్నవాళ్లలో, పదకొండేళ్లలోపే తల్లి పోయినవాళ్లలో ఇంకా ఎక్కువ. ఓపికగా చేసిన పని. హరి కూడా దీన్ని గొప్పగా చెప్తాడు, చెప్పాలి కూడా. కానీ అది పేట మొత్తానికి వేసిన లెక్క. ఎక్కువమందికి అన్నమాటే గాని, నీకు ఇందుకే అన్నమాట అందులో లేదు. కష్టం వచ్చి కూడా బాగానే ఉన్న ఆడవాళ్లు ఆ పేట నిండా ఉన్నారు.

మా పేటలోనూ ఉన్నారు. 2020లో లాక్‌డౌన్ పెట్టి ఊరందరికీ బంధాలు తెగిపోయిన ఏడాది, మాత్ర మానేసిన నెలల్లోనే, నేను నిక్షేపంలా ఉన్నాను. సరే, అది వదిలెయ్యండి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు మా మీద పడింది. కింద గదులు నిండిపోయాయి. మీద గదుల్లో పదకొండు మందిమి. పడవలో పాల ప్యాకెట్లు, డ్రోన్ మీద పులిహోర పొట్లాలు. నీళ్లు తీశాక దిగి చూస్తే సీపీయూ లోంచి బురద కారింది. ఇరవై ఏళ్ల ప్రూఫుల కట్టలు ఉబ్బి, అట్టకట్టి, విడదీస్తే ముద్దలు ముద్దలుగా ఊడొచ్చాయి. 2011 ఫైలు, 2016 ఫైలు, సీడీలు, అన్నీ. గ్రైండర్ కూడా. ఇంతకంటే కారణం ఎవరికి కావాలి? పని పోయింది, ఇల్లు పాడైంది, రేపటి మీద నమ్మకం లేదు. పుస్తకం ప్రకారం నేను మంచం పట్టాలి. మావారు నా మొహం చూస్తూనే ఉన్నారు, రాత్రిళ్లు కూడా. ఏడిచాను, వరద సాయం జాబితాలో పేరు లేదని వార్డు సచివాలయం ముందు అరిచాను, బురద ఎత్తిపోశాను, రోజుకి పద్నాలుగు గంటలు పనిచేశాను. బాధపడ్డాను గాని ఆ జబ్బు రాలేదు. బాధ వేరు, అది వేరు అని అప్పుడే బాగా తెలిసింది. బాధలో గ్లాసు ఎత్తగలను.

ఎదురింటావిడకి వచ్చింది. మెట్లు ఈశాన్యంలో ఉన్నాయన్నావిడకే. అదే వరద, అదే వీధి, ఆవిడ మెట్లు వాస్తు ప్రకారమే ఉన్నాయి. వాళ్లమ్మాయి మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి, ఎక్కడికి వెళ్లాలో చెప్పారట.

నాకు 2025 ఫిబ్రవరిలో వచ్చింది. మాఘమాసం, పెళ్లిళ్ల సీజను, శుభలేఖల పని చేతినిండా. కొత్త కంప్యూటరు, కొత్త గ్రైండర్. పెద్దాడికి ఉద్యోగం. ఒక్క కారణం లేదు. ఒక శుభలేఖలో వరుడి పేరు దగ్గర కర్సర్ కొట్టుకుంటుంటే దాన్నే చూస్తూ ఉండిపోయి, ‘ఓహో’ అనుకున్నాను. పదో రోజుకల్లా సూర్యారావుపేట వెళ్లాం. డాక్టరు గారు ఈసారి మాత్రతోపాటు ఇంకో పని కూడా రాసిచ్చారు. సాయంత్రం ఐదున్నరకి చెప్పులేసుకుని పైపుల రోడ్డు దాకా నడిచి రావడం. “ఇష్టం కలిగాక నడుస్తానంటే కుదరదమ్మా. ముందు నడవండి, ఇష్టం సంగతి తర్వాత” అన్నారు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం ఇలాంటిదే పెద్ద ఎత్తున చేసి చూసిందని తర్వాత చదివాను. డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణిచ్చి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో, రోజులో చెయ్యగల చిన్నచిన్న పనుల్ని మళ్లీ మొదలుపెట్టించడం. మామూలు వైద్యానికి దాన్ని కలిపినప్పుడు ఎక్కువమంది కోలుకున్నారు. నాకు నడక పనిచేసిందా, మాత్ర పనిచేసిందా, మే నెల వచ్చి అదే పోయిందా, చెప్పలేను. మూడూ కావచ్చు.

ఈ మధ్య ఒక రాతప్రతి వచ్చింది. మళ్లీ ఆ పబ్లిషరు గారే. మూడో అధ్యాయం ‘డిప్రెషన్‌కు పదకొండు కారణాలు’. కొత్తవి రెండూ ఏమిటంటే రీల్స్, పేగుల్లో బ్యాక్టీరియా. రచయిత రాసింది మార్చే హక్కు నాకు లేదు. కానీ ఫస్ట్ ప్రూఫులో ‘వస్తుంది’ అన్నచోటల్లా పెన్సిలుతో సున్నా చుట్టి, మార్జిన్లో ‘రావచ్చు?’ అని రాశాను. ఇరవై మూడు చోట్ల. నిన్న సాయంత్రం కుర్రాడితో పంపించాను. పొద్దున్నుంచి ఆయన దగ్గర్నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పప్పు రుబ్బుతున్నాను, ఆ చప్పుడులో ఫోను వినపడలేదు.